నరసరావుపేట – పల్నాటి యాత్రాస్థలాలు

నరసరావుపేట ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లాకు ముఖ్య పట్టణం. గుంటూరుకు పడమరగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లాను విడదీసి పల్నాడు జిల్లాను ఏర్పరచినప్పుడు ఈ పట్టణానికి జిల్లా కేంద్రం హోదా వచ్చింది. అంతకు చాలాకాలం ముందు నుంచే దీన్ని పల్నాటి ముఖద్వారం అనేవారు. కృష్ణా డెల్టా పంటపొలాలు ఇక్కడికి రాకముందే ముగిసిపోతాయి. ఇక్కడి నుంచి పడమరకు పోతే నాపరాళ్ళ నేల, మిరప చేలు, నల్లమల అంచు కొండలు మొదలవుతాయి. కోటప్పకొండ, చేజర్ల, కొండవీడు, కారంపూడి, గురజాల, మాచర్ల, నాగార్జునకొండ, అమరావతి ఈ పట్టణాన్ని మకాంగా చేసుకుని చూడదగిన ముఖ్యస్థలాలు.

పేరు, నేల

పల్నాడు అన్న పేరుకు పండితులు పలు వ్యుత్పత్తులు చెప్పారు. పల్లవుల నాడు పల్నాడయిందన్నది ఒకటి. పల్లెల నాడన్నది మరొకటి. తెల్లని సున్నపురాయి వల్ల పాలనాడు అన్నారని ఇంకొకటి. మంచికల్లులో దొరికిన ప్రాకృత శాసనం పల్లవ సింహవర్మది, తొలి పల్లవ శాసనాల్లో ఒకటి. మొదటి వాదానికి దాన్నే ఆధారంగా చూపుతారు.

మూడో వ్యుత్పత్తి నిజమైనా కాకపోయినా, పల్నాటిని అర్థం చేసుకోవడానికి సున్నపురాయి కంటే మంచి దారి లేదు. ఇళ్ళ ముందు పరిచేది, దొడ్డి చుట్టూ కంచెగా పాతేది నాపరాయి. పిడుగురాళ్ళ బట్టీల్లో కాల్చి సున్నం చేసేదీ, సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునేదీ సున్నపురాయే. రెండువేల ఏళ్ళ కిందట అమరావతి, నాగార్జునకొండ శిల్పులు బుద్ధుని కథలు చెక్కింది కూడా లేత ఆకుపచ్చ ఛాయ తేలే ఇక్కడి సున్నపురాయి మీదనే. దుర్గి గ్రామంలో రాతిశిల్పం ఇప్పటికీ బతుకుతెరువు. దుర్గి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

రాయి ఉన్నచోట నీటికి కరువే. పదిహేనో శతాబ్ది కవి శ్రీనాథుని పేర చెలామణి అయ్యే చాటువుల్లో కొన్ని పల్నాటి రాళ్ళను, ఇక్కడి జొన్నకూటిని ఎత్తిపొడుస్తాయి. నాగార్జునసాగర్ కుడి కాలువ వచ్చాక ఆ ఎత్తిపొడుపు సగం చెల్లకుండా పోయింది. జవహర్ కాలువగా పిలిచే ఈ కాలువ కింద వరి మాగాణి, పత్తి, మిరప విస్తరించాయి. కాలువ అందని మెట్ట ఊళ్ళలో మాత్రం రైతు ఇంకా మబ్బు వైపే చూస్తాడు.

పట్టణం

నరసరావుపేట పాత పేరు అట్లూరు. 1797లో మల్రాజు వంశపు జమీందారులు ఇక్కడ కొత్త పేటను కట్టించారు. మల్రాజు నరసారావు పేరే పట్టణానికి నిలిచింది. 1915లో పురపాలక సంఘం ఏర్పడింది. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా 1,17,489. చుట్టుపక్కల మండలాలకు ఆసుపత్రి, కాలేజీ, కోర్టు, సరుకుల బజారు అన్నీ ఇదే కావడంతో పొద్దున బస్సుల్లో వచ్చి సాయంత్రం వెళ్ళిపోయే జనం ఎక్కువ. 1964 నుంచి 1971 వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసిన కాసు బ్రహ్మానందరెడ్డి ఈ ప్రాంతంవారే.

పట్టణంలో చూడవలసిన పాత కట్టడాలు తక్కువ. యాత్రికునికి ఇది బస చేసే ఊరు, బస్సు మారే ఊరు. చూడవలసినదంతా చుట్టూ ఉంది.

కోటప్పకొండ

పట్టణానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న శైవక్షేత్రం ఇది. ఏ దిక్కు నుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయన్న ప్రతీతితో త్రికూటమనే పేరు వచ్చింది. ఆ శిఖరాలను బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలంటారు. దేవుడు త్రికూటేశ్వరుడు, జనం నోట కోటయ్య. శివుడు ఇక్కడ దక్షిణామూర్తి రూపంలో, బ్రహ్మచారిగా వెలిశాడని నమ్మకం. అందుకే మిగతా శివాలయాల్లో లాగా ఇక్కడ కల్యాణోత్సవం చేయరు.

స్థలపురాణం గొల్లభామ ఆనందవల్లిది. రోజూ రుద్రశిఖరమెక్కి సేవచేసే ఆమె ఇక ఎక్కలేని స్థితి వచ్చి, తననే కిందికి రమ్మని స్వామిని వేడుకుంది. వెనుదిరిగి చూడకుండా నడిస్తే వెంట వస్తానన్నాడు స్వామి. బ్రహ్మశిఖరం దగ్గర ఆమె వెనక్కి చూసింది. స్వామి అక్కడే నిలిచిపోయాడు. రుద్రశిఖరం మీద పాత కోటప్ప గుడి, బ్రహ్మశిఖరం మీద ఇప్పటి ప్రధానాలయం ఉండటానికి జనం చెప్పే కారణం ఇదే. కొండమీద గొల్లభామకూ గుడి ఉంది. మెట్లదారితో పాటు ఘాట్‌రోడ్డు కూడా ఉంది.

మహాశివరాత్రి తిరునాళ్ళు కోటప్పకొండకు పెద్ద గుర్తు, తిరునాళ్ళకు గుర్తు ప్రభ. కట్టెలు, వెదుళ్ళతో ఎత్తయిన చట్రం కట్టి, రంగుల గుడ్డలు, కాగితాలు, బల్బులు అలంకరించి, చక్రాల బండి మీద నిలబెట్టి నలువైపులా మోకులతో బిగిస్తారు. కొన్ని ప్రభలు 80 అడుగులు దాటుతాయి. కావూరు, పురుషోత్తమపట్నం వంటి ఊళ్ళు తమ ప్రభను పరువుగా భావిస్తాయి, కట్టడానికి వారాల తరబడి పనిచేస్తాయి. ప్రభ కదిలేటప్పుడు చూడవలసింది బల్బుల వెలుగు ఒక్కటే కాదు, మోకులు పట్టిన చేతులను కూడా చూడాలి. ప్రభ ఒక వైపు ఒరగగానే ఆ వైపువాళ్ళు సడలిస్తారు, ఎదుటివాళ్ళు బిగిస్తారు. దారికి అడ్డంగా కరెంటు తీగ వస్తే సరఫరా ఆపించి, తీగను తప్పించాకే బండి ముందుకు సాగుతుంది. రాత్రికి కొండ కింద ప్రభలన్నీ వరుసగా నిలబడి వెలుగుతాయి. “చేదుకో కోటయ్యా” అని భక్తులు పిలుస్తారు. బావిలోంచి నీటిని చేదినట్టు తమను పైకి లాగమని ఆ మాటకు అర్థం.

చేజర్ల, కొండవీడు

నకరికల్లు మండలంలోని చేజర్ల కపోతేశ్వరాలయం చిన్నదే. వాస్తుచరిత్రలో దాని స్థానం మాత్రం పెద్దది. గర్భాలయం వెనుకభాగం చదరంగా కాకుండా ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. దీన్ని గజపృష్ఠాకారమంటారు. ఇటుకలతో కట్టిన ఈ రూపం బౌద్ధ చైత్యగృహాలది. చైత్యమే తరవాత శివాలయంగా మారిందని చరిత్రకారులు చాలామంది భావించారు. మహారాష్ట్రలోని తేర్ గ్రామపు త్రివిక్రమాలయం దీనికి తోడు ఉదాహరణ. పావురాన్ని కాపాడటానికి తన మాంసం కోసి ఇచ్చిన శిబి చక్రవర్తి కథను ఇక్కడి లింగానికి ముడిపెట్టారు. కపోతమంటే పావురం. శిబి కథ బౌద్ధ జాతకాల్లోనూ ఉంది. గుడి ఆకారం మారకుండా మతం మారినట్టే, కథ కూడా మారకుండా చేతులు మారింది.

కొండవీడు కోట యడ్లపాడు మండలంలో ఉంది. 1325లో ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా స్థాపించిన రెడ్డి రాజ్యానికి అనవోతారెడ్డి కాలం నుంచి ఇది రాజధాని. శ్రీనాథుడు పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్నది ఇక్కడే. రెడ్ల పాలన 1424 ప్రాంతంలో ముగిసింది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ కోటను గెలుచుకున్నాడు. కొండమీద ముత్యాలమ్మ, పుట్టలమ్మ, వెదుళ్ళ చెరువులు మూడున్నాయి. కొండ మీది కోటకు దాహం తీర్చింది వాన నీటిని పట్టి నిలిపిన ఈ చెరువులే. కింద ఊళ్ళో గోపీనాథస్వామి ఆలయం ఉంది. దాన్నే కత్తుల బావి అని కూడా పిలుస్తారు.

కారంపూడి: వీరుల నేల

పల్నాడంటే తెలుగువారికి ముందుగా గుర్తుకువచ్చేది పన్నెండో శతాబ్దిలో జరిగిన పలనాటి యుద్ధం. అన్నదమ్ముల మధ్య రాజ్యం చీలి, గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు పాలించారు. నలగామునికి నాయకురాలు నాగమ్మ, మలిదేవునికి బ్రహ్మనాయుడు మంత్రులు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్ళు దేశం విడిచి వెళ్ళింది. గడువు తీరినా రాజ్యం దక్కకపోవడంతో కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగింది. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు అందులో చనిపోయాడు.

ఈ కథను శ్రీనాథుడు ద్విపదగా రచించాడని సంప్రదాయం. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దాన్ని పరిష్కరించి ప్రచురించారు. అంతకన్నా పాతది, ఇప్పటికీ బతికున్నది, గ్రామాల్లో వీరవిద్యావంతులు పాడే కథ. అమెరికా పరిశోధకుడు జీన్ రోగేర్ ఆ పాటకథను రికార్డు చేసి, అనువదించి 1982లో గ్రంథంగా వెలువరించాడు. 1947లోనూ 1966లోనూ పల్నాటి యుద్ధం పేరుతో సినిమాలు వచ్చాయి.

కారంపూడిలో ఈ కథ పుస్తకం కాదు, పూజ. వీరుల గుడిలో అరవై ఆరుగురు వీరనాయకులకు ఆరాధన జరుగుతుంది. కార్తిక అమావాస్యతో మొదలయ్యే ఉత్సవాలు ఐదు రోజులు సాగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు ఆ రోజుల పేర్లు. కథలోని ఘట్టాల పేర్లే ఉత్సవంలో ఆ రోజులకు పేర్లు. వీరాచారవంతులు తమ ఇళ్ళలో పూజించే ఆయుధాలను, అంటే కొణతాలను, పలు ఊళ్ళ నుంచి మోసుకువస్తారు. పట్టుగుడ్డలు చుట్టి, పూలు కట్టి, భుజానికెత్తుకుని పూనకంతో ఊరేగుతారు. గుడి పెద్దకు పీఠాధిపతి అని పేరు.

మందపోరు నాడు చాపకూడు పెడతారు. ఒకే చాప మీద అన్నం రాశిగా పోసి, కులం అడక్కుండా అందరూ కలిసి తినే ఆచారాన్ని బ్రహ్మనాయుడు నెలకొల్పాడని కథ. ఆయన కొడుకుగా పెంచి సేనానిని చేసిన మాల కన్నమదాసు ఈ సమానతకు కథలోని నిదర్శనం. కథను ఏ పక్షం నుంచి విన్నా, కులాల మధ్య పంక్తిభేదం పాటించిన కాలంలో ఒక వీరపూజ చాపకూటిని తనలో భాగంగా నిలుపుకోవడం చిన్న విషయం కాదు.

గురజాల, మాచర్ల

నలగాముని రాజధాని గురజాల ఇప్పుడు రెవెన్యూ డివిజన్ కేంద్రం. రాజధాని గుర్తులు తక్కువగా మిగిలాయి. నాయకురాలి పేరుతో ముడిపడిన జిట్టగామాలపాడును ఈ ప్రాంతంవారు చూపిస్తారు. గురజాల మండలంలో కృష్ణ ఒడ్డున దైద బిలం, పిడుగురాళ్ళ మండలంలో గుత్తికొండ బిలం ఉన్నాయి. సున్నపురాతిని నీరు వేల ఏళ్ళుగా కరిగించి తొలిచిన గుహలివి. రెండింటిలోనూ శివుణ్ణి కొలుస్తారు. గుత్తికొండకు తొలి ఏకాదశి నాడు జనం ఎక్కువగా వస్తారు. నక్సలైటు ఉద్యమ నాయకుడు చారు మజుందార్ 1969లో ఆంధ్ర విప్లవకారులతో రహస్యంగా సమావేశమైన చోటుగా కూడా ఈ బిలానికి పేరుంది.

చంద్రవంక వాగు ఒడ్డున ఉన్న మాచర్లకు లక్ష్మీచెన్నకేశవాలయమే కేంద్రం. బ్రహ్మనాయుడు కట్టించాడని చెప్పుకునే ఈ గుడిలో చెక్కడపు స్తంభాలు చూడదగినవి. చైత్ర పౌర్ణమికి తిరునాళ్ళు జరుగుతాయి. పలనాటి వీరులు చెన్నకేశవుని భక్తులు కావడంతో కారంపూడిలోని వీరపూజకూ ఈ గుడికీ విడదీయలేని సంబంధం ఉంది.

మాచర్ల సీమ మరో పోరాటానికి కూడా వేదిక. అడవిలో పశువుల మేతకు ప్రభుత్వం వేసిన పుల్లరి పన్నుకు ఎదురుతిరిగి 1921లో పల్నాటి రైతులు సత్యాగ్రహం చేశారు. పరిస్థితి చూడటానికి వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణను అరెస్టు చేసి జైలుకు పంపారు. ఆయన మాలపల్లి నవల రాసింది జైలులోనే. ఇదే పోరాటంలో 1922 ఫిబ్రవరిలో దుర్గి మండలం మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో మరణించాడు.

ఎత్తిపోతల, నాగార్జునకొండ, అనుపు

మాచర్ల నుంచి సాగర్‌కు వెళ్ళే దారిలో ఎత్తిపోతల జలపాతం ఉంది. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతాయి. అక్కడి నుంచి నీరు కొద్ది దూరంలోనే కృష్ణలో కలుస్తుంది. కింది మడుగులో మొసళ్ళను పెంచుతారు. కాబట్టి నీటిలోకి దిగే ఆలోచన మానుకోవాలి. దగ్గరలో దత్తాత్రేయాలయం ఉంది.

నాగార్జునకొండ లోయలో మూడు, నాలుగు శతాబ్దుల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలిసింది. 1926లో ఏ.ఆర్. సరస్వతి ఇక్కడి శిథిలాలను గుర్తించారు. తరవాత లాంగ్‌హర్స్ట్ జరిపిన తవ్వకాల్లో మహాచైత్యం నుంచి అస్థిధాతువు ఉన్న బంగారు భరిణె బయటపడింది. ఆ ధాతువును 1932లో సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి అప్పగించారు. బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన శాసనం కాశ్మీరం, గాంధారం, చైనా, సింహళం వంటి దేశాల పేర్లు చెబుతుంది. సింహళ భిక్షువులకు ఇక్కడ ప్రత్యేక విహారం ఉండేది. ఆచార్య నాగార్జునుని పేరుతో లోయకు ఈ పేరు వచ్చింది. ఆయనను జపాన్ బౌద్ధులు ఎనిమిది సంప్రదాయాల మూలగురువుగా గౌరవిస్తారు.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేయడంతో ఈ లోయ మునిగిపోతుందని తేలిపోయింది. 1954లో మొదలైన రెండో విడత తవ్వకాలు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1960 వరకు సాగాయి. లోయ అంతటినీ తవ్వి, ముఖ్యమైన కట్టడాలను రాయి రాయి విప్పి, కొన్నింటిని కొండమీద, కొన్నింటిని కుడి ఒడ్డున అనుపులో మళ్ళీ నిలబెట్టారు. ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాలను నీటి పాలు కాకుండా ఎత్తుకు తరలించిన పని 1964లో మొదలైంది. అంతకు ముందే ఈ కృషి పల్నాటి అంచున జరిగింది. 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కొండ దీవి అయింది.

కొండమీది మ్యూజియంకు విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్ళాలి. మ్యూజియంకు శుక్రవారం సెలవు. అనుపుకు లాంచీ అక్కర్లేదు. మెట్లవరుసలతో ఉన్న అక్కడి రంగస్థలంలో కూర్చుంటే ఎదురుగా కృష్ణ నీరు కనిపిస్తుంది. దాని అసలు స్థానం ఆ నీటి అడుగున ఉంది.

అమరావతి, వినుకొండ

రాజధాని అమరావతి వేరు, గుడి, స్తూపం ఉన్న అమరావతి వేరు. రెండోది పల్నాడు జిల్లాలో ఉంది. 1797లో కల్నల్ మెకంజీ ఇక్కడి దిబ్బను చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఫలకాలు చాలావరకు చెన్నై, లండన్ మ్యూజియంలకు చేరాయి. బ్రిటిష్ మ్యూజియంలో అవి అమరావతి మార్బుల్స్‌గా పేరుపడ్డాయి. నిజానికి అవి పాలరాతివి కావు, సున్నపురాతివి. స్తూపం చోట ఇప్పుడు మిగిలింది పునాది వలయం, కొన్ని స్తంభాలు. శిల్పాల కోసం పక్కనే ఉన్న మ్యూజియంకు వెళ్ళాలి. కృష్ణ ఒడ్డున అమరేశ్వరాలయం, 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం ఉన్నాయి. 2006 జనవరిలో దలైలామా ఆధ్వర్యంలో కాలచక్ర మహోత్సవాలు ఇక్కడే జరిగాయి.

నరసరావుపేటకు నైరుతిగా ఉన్న వినుకొండ మహాకవి గుర్రం జాషువా జన్మస్థలం. ఆయన 1895 సెప్టెంబరు 28న పుట్టాడు. సీతాపహరణ వార్తను జటాయువు వల్ల రాముడు విన్న కొండ కావడంతో వినుకొండ అయిందని స్థలకథ.

ప్రయాణం, వేళ

గుంటూరు–గుంతకల్లు రైలు మార్గంలో నరసరావుపేట స్టేషను ఉంది. మాచర్ల రైలు మార్గం వేరు. అది నడికుడి మీదుగా వెళ్తుంది. అందువల్ల రెండు పట్టణాల మధ్య ప్రయాణానికి బస్సే మేలు. అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి నరసరావుపేట, పిడుగురాళ్ళ, దాచేపల్లి మీదుగా కృష్ణ దాటి తెలంగాణలోకి వెళ్తుంది.

కోటప్పకొండ, చేజర్లకు ఒక రోజు, కొండవీడు, అమరావతికి ఒక రోజు, కారంపూడి, మాచర్ల, ఎత్తిపోతల, సాగర్‌కు రెండు రోజులు కేటాయించుకోవడం మంచిది. హైదరాబాదు నుంచి వచ్చేవారు చాలామంది సాగర్ ఒక్కటి చూసి వెనుదిరుగుతారు. వారు చూసేది పల్నాటి గడప మాత్రమే.

వేసవిలో రావద్దు. రాష్ట్రంలో ఎండల వార్త వస్తే తరచు ముందుండే పేరు రెంటచింతల, అది గురజాల, మాచర్ల మధ్య ఊరు. కారంపూడి వీరారాధన కార్తిక అమావాస్యకు మొదలవుతుంది. కోటప్పకొండ తిరునాళ్ళు మాఘ బహుళ చతుర్దశికి వస్తాయి. పల్నాటికి రావలసిన కాలం ఆ రెంటి నడుమ ఉన్న మూడు నెలలే.